ఇంట్లో అడిగి రండి

ఆ వానాకాలం రెండున్నర నెలలు మా ఆయన రాత్రిళ్లు వాళ్ల అక్కగారింట్లో పడుకున్నారు. మా మధ్య గొడవేమీ లేదు. ఈ ముక్క ముందే చెప్పకపోతే మా వీధివాళ్లలాగే మీరూ ఏదేదో ఊహించుకుంటారు. రోజూ రాత్రి ఎనిమిదింటికల్లా భోంచేసి, గొడుగు వేసుకుని, రెండు వీధుల అవతలికి వెళ్లేవారు. మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ దిగి తిన్నగా ఇంటికే వచ్చేవారు.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. తెల్లవారుజామున నాలుగున్నరకు డిపో గేటు దాటే తొలి బండి ఆయనదే. నాది సాఫ్ట్‌వేరు ఉద్యోగం. మందుల గోదాముల్లో చలిగదులుంటాయి. వాటిలో ఎంత చల్లగా ఉందో నిమిషనిమిషానికీ మా ప్రోగ్రాంకి కబురు వస్తూ ఉంటుంది. కబురు రాకపోయినా, వచ్చిన కబురులో తేడా ఉన్నా మా ఫోన్లు మోగుతాయి. అప్పుడు లేచి సంగతేమిటో చూడాలి. దాన్నే ఆన్‌కాల్ డ్యూటీ అంటారు. మా టీములో ఆరుగురం, తలా ఒక వారం. మరి ఆరు వారాలకొకసారే కదా ఈ బాధ అంటారేమో, అక్కడే ఉంది తిరకాసు. డ్యూటీలో ఉన్నవాళ్లు అయిదు నిమిషాల్లో ఫోన్ ఎత్తకపోతే ఆ కాల్ టీము లీడుకి వెళ్తుంది. ఆ లీడుని నేనే. వారం పొడుగునా నిద్రలేక సోలిపోయినవాళ్లు అయిదు నిమిషాల్లో ఎక్కడ ఎత్తుతారు? అంచేత ఎవరి వారమైనా అది నా వారమే.

మాది ఒక పడగ్గది, ఒక హాలు. ఆ ఫోన్ మోగించే యాప్ గొంతు తగ్గించడానికి వీల్లేకుండా తయారుచేశారు కాబట్టి ఫోన్ బీరువాలో పెట్టినా ఇల్లంతా వినబడుతుంది. మా ఆయనకు ఒకసారి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. కళ్లు మూసుకుని పడుకుని, పట్టినట్టు నటిస్తారు. ఆయన నటన నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు.

వానలు మొదలైన వారంలోనే భయపడినంత పనీ జరిగింది. ఎర్ర లైటు పడితే ఆయన బస్సు ఆపారు. ఆకుపచ్చ లైటు పడింది. బస్సు కదల్లేదు. వెనక బళ్లు హారన్లు కొట్టాయి, కండక్టరు వచ్చి భుజం కుదిపాడు. స్టీరింగు పట్టుకుని కూర్చునే నిద్రపోయారట. కాలు బ్రేకు మీదే ఉండిపోయింది కాబట్టి సరిపోయింది. పద్నాలుగేళ్లలో బండికి గీత కూడా పడనివ్వని మనిషికి డిపోలో కాగితం ఇచ్చారు. ఇంకోసారి ఇలా జరిగితే బండి ఇవ్వరట.

ఆ కాగితం నాకు చూపించి, "రాత్రి మూడుసార్లు మోగింది కదా" అన్నారంతే. తిట్టినా బాగుండేది.

"నేను మానేస్తాను" అన్నాను.

"ఏం మానేస్తావ్? ఈ ఇంటి వాయిదాలు ఎవరు కడతారు? నేను కొన్నాళ్లు అక్క దగ్గర పడుకుంటాలే."

మా పాపకు తొమ్మిదేళ్లు. ఆ సాయంత్రం వాళ్ల నాన్న గొడుగు తీసుకుని బయలుదేరితే గుమ్మంలో నిలబడి అడిగింది.

"అమ్మా, నాన్నను పంపే బదులు నీ ఫోన్నే అత్తయ్యావాళ్లింటికి పంపొచ్చు కదా?"

నేను హోంవర్కు చెయ్యమని కసిరాను.

వారం తిరగకముందే మా వదిన, అంటే ఆయన అక్కగారు, మార్కెట్లో ఎదురుపడింది. "మా తమ్ముడు మా ఇంట్లో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడమ్మాయ్. నీ దగ్గరుంటే బుగ్గలు పీక్కుపోయాయి" అంది. ఆవిడ నవ్వుతూనే అంది, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి కూరగాయల సంచీ వంటగట్టు మీద విసిరికొట్టాను. ఆవిడన్నది నిజం కాకపోయి ఉంటే అంత కోపం వచ్చేది కాదు.

ఇలా లాభం లేదనుకుని ఒకరోజు ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని చెప్పి డిపోకు వెళ్లాను. తొలి బండి మార్చి మా ఆయనకు మధ్యాహ్నం బండి ఇప్పించుకుంటే సగం బాధ తీరుతుందని నా లెక్క. డ్రైవర్లకు డ్యూటీలు వేసేది ఒక ఆవిడ. ఇరవై రెండేళ్లుగా అదే పని. అసలు పేరు రికార్డుల్లో ఉంటుంది గానీ డిపోలో అందరికీ ఆవిడ చార్టమ్మే. గోడ నిండా పరిచిన పెద్ద కాగితం, చెవి వెనక పెన్సిల్, చేతిలో రబ్బరు. కంప్యూటరు ఉంది గానీ దాని మీద ఆవిడ స్వెట్టరు ఆరేసి ఉంది.

నేనెవరో చెప్పి, వచ్చిన పని చెప్పాను. ఆవిడ ఒక లావుపాటి నోటుబుక్కు తీసి పేజీలు తిప్పింది.

"మీ ఆయనకు తొలి బండి కావాలన్నది మీరేగా?"

"నేనా?"

"ఇదిగో, మూడేళ్ల కిందట రాసుకున్నాను. 'పాప స్కూలు నుంచి వచ్చేసరికి నాన్న ఇంట్లో ఉండాలని ఇల్లాలి కోరిక.' నేను ఇంట్లో అడిగి రమ్మంటేనే కదా మీ ఆయన అడిగొచ్చి చెప్పాడు."

నాకు గుర్తొచ్చింది. ఒకరోజు వంటింట్లోకి వచ్చి, "పొద్దుట బండా, సాయంత్రం బండా?" అని అడిగారు. నేను చపాతీ కర్ర ఎత్తకుండానే పొద్దుట బండి అన్నాను. అది ఇక్కడ రాసిపెట్టి ఉంటుందని కల్లో కూడా అనుకోలేదు.

"అందరినీ ఇలాగే అడుగుతారా?"

"అడక్కపోతే ఎలాగమ్మా? మనిషి డ్యూటీ చేస్తే ఇల్లంతా చేసినట్టే. ఒకడికి తల్లి మంచాన ఉంటుంది, ఒకడికి తెల్లారకుండానే మెలకువొచ్చేస్తుంది. కొత్తల్లో నేనూ అందరికీ సమానంగా పంచాను. ఆ ఏడాది తిట్టనివాడు లేడు. సమానంగా తిట్టారు." ఆవిడ నోటుబుక్కు మూసింది. "ఇంతకీ మీ ఆయన నిద్రకొచ్చిన తంటా మా బండి వల్ల కాదటగా, మీ ఫోను వల్లట. మీ ఆఫీసులో చార్టు ఎవరు వేస్తారు?"

"నేనే. అంటే, నేను రాసిన ప్రోగ్రాం వేస్తుంది. ఎవరికీ ఒక గంట ఎక్కువా తక్కువా రాదు." ఇది కాస్త గొప్పగానే చెప్పాను.

"ఓహో. అది ఎవరిని అడిగి వేస్తుంది?"



ఇంతలో ఒక డ్రైవరు వచ్చి, బండి తలుపు పూర్తిగా మూసుకోవడం లేదని ఒక పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు. మెకానిక్కు వచ్చి దాని కింద సంతకం పెట్టేదాకా ఆ బండి గేటు దాటదని చార్టమ్మ చెప్పింది. "అదే తలుపు గురించి రెండోసారి రాస్తే మెకానిక్కు నా ఎదుటికొచ్చి నిలబడాలి" అంది. మా ఆఫీసులో అదే అలర్ట్ అదే గోదాము నుంచి వారానికి నాలుగుసార్లు వచ్చేది. చూసి, ఆపి, పడుకునేవాళ్లం. ఆ సంగతి ఆవిడకు చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. మధ్యాహ్నం బండి అడగకుండానే తిరిగి వచ్చేశాను.

ఆఫీసుకు వెళ్లగానే మూడు నెలల అలర్టుల చిట్టా తీశాను. ఫోన్ మోగినప్పుడల్లా లేచినవాళ్లు ఏం చేశారో అందులో ఒక ముక్క రాయాలని మా నియమం. మొత్తం రెండు వందల పన్నెండు. నూట తొంభై ఒక్క చోట్ల ఒకే వాక్యం: 'తనంతట తానే సర్దుకుంది.' రకరకాల మనుషులు, రకరకాల వేళల్లో, అదే వాక్యం. నేను రాసినవీ బోలెడున్నాయి. మిగతా ఇరవై ఒకటిలో నిజంగా మనిషి లేవాల్సినవి నాలుగు.

కబురు రెండు నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఫోన్ మోగేటట్టు పెట్టి ఉంది. వానపడితే లైన్లు మందగించి కబుర్లు మూడు నిమిషాలకొస్తాయి. చలిగది తలుపులు మూసి ఉంటే గంటైనా చల్లదనం తగ్గదు. మరి ఈ రెండు నిమిషాలు పెట్టిన మహానుభావుడెవడో చూద్దామని పాత రికార్డులు తవ్వాను. ఏడేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన రెండో వారం, పనిచేస్తోందో లేదో చూడ్డానికి తాత్కాలికంగా రెండు వేశానని కింద నోటు కూడా ఉంది. నా పేరుతో. తరవాత మార్చాలని కూడా నేనే రాసుకున్నాను. ఆ రెండు అంకె వెనక ఏదో పెద్ద కారణం ఉండి ఉంటుందని ఏడేళ్లుగా టీము టీమంతా దాన్ని ముట్టుకోవడానికి భయపడింది. నేను కూడా భయపడ్డాను.

మర్నాడు టీముని పిలిచి, అందరి ముందూ ఆ నోటు చదివాను. కవలల నాన్న టేబులు మీద తల వాల్చి నవ్వడం మొదలుపెట్టాడు. అతనికి ఎనిమిది నెలల కవలలు, అందుకా పేరు. "మేడమ్, మా ఆవిడకు మాత్రం ఈ సంగతి చెప్పకండి, మీ ఇంటికొచ్చి తంతుంది" అన్నాడు.

"చెప్పాల్సి వచ్చేలా ఉంది" అన్నాను. "అందరూ ఇవాళ ఇంట్లో అడిగి రండి. ఏ వేళ ఫోన్ మోగితే ఇంటికి ఎక్కువ కష్టం, ఏ వేళ ఫరవాలేదు. ఇంట్లో ఎవరూ లేకపోతే మిమ్మల్ని మీరే అడుక్కోండి."

తెచ్చిన జవాబులు చూస్తే నాకు మతిపోయింది. కవలలు రోజూ నాలుగింటికి లేచి కూర్చుంటారట. నాలుగు నుంచి ఏడు దాకా అతను ఎలాగూ ఒళ్లో ఒకణ్ణి, భుజాన ఒకణ్ణి వేసుకుని హాల్లో తిరుగుతూనే ఉంటాడు. ఆ వేళ రోజూ తనకే ఇచ్చేయమన్నాడు, అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు మాత్రం వదిలెయ్యమన్నాడు. మా టీములో మేం మౌని అని పిలిచే అతను ఒకడున్నాడు. ఏం అడిగినా అవునని నిలువుగానో, కాదని అడ్డంగానో తలూపుతాడు. అతనొక కాగితం నా ముందు పెట్టి వెళ్లిపోయాడు. 'నాకు రెండు దాటితే గానీ నిద్ర రాదు. రాత్రి రెండు దాకా నేను చూస్తాను. పొద్దున తొమ్మిది గంటల మీటింగు తీసెయ్యండి.' ఆ మీటింగు పెట్టింది కూడా నేనే. నాలుగేళ్లుగా అతను అందులో నిద్రమొహంతో కూర్చుంటే, బద్ధకస్తుడని లోపల తిట్టుకుంటూ వచ్చాను.

మిగిలింది రెండు నుంచి నాలుగు. అది మిగతా నలుగురం తలా ఒక వారం పంచుకున్నాం. ప్రోగ్రాం పక్కన పెట్టి గోడకు ఒక పెద్ద కాగితం అంటించి, పెన్సిల్‌తో రాశాను. ప్రతి వేళకూ ఒక మనిషి, అతను ఎత్తకపోతే ఎత్తడానికి ఇంకో మనిషి. రాత్రి లేచినవాళ్లు మర్నాడు ఎవరినీ అడక్కుండా ఆలస్యంగా రావచ్చు. ఏ అలర్ట్ మనిషిని లేపిందో మర్నాడు టీముకి మొదటి పని అదే. దాని సంగతి తేల్చి సంతకం పెట్టేదాకా కొత్త పని ముట్టుకోకూడదు.

డైరెక్టరుగారు ఆ కాగితం ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డారు.

"ప్రతి వారం రెండో కాల్ నీకు వచ్చేది కదా. అది తీసేశావేం?"

"ఆ వేళకి ఎవరు మెలకువగా ఉంటారో వాళ్లకే పెట్టాను సార్."

"రెండు నిమిషాలు కాస్తా పదిహేను చేశావు. ఎక్కడైనా ఒక్క గోదాములో మందులు పాడైతే?"

"పాడు కావు సార్."

"నీ మాట మీద ఆరు వారాలిస్తున్నాను. ఒక్కటి తేడా వచ్చినా పాత పద్ధతే, ఇంక దాని గురించి మాట్లాడకూడదు."

సరేనన్నాను. పాత పద్ధతి వస్తే నేను ఉద్యోగం మానెయ్యాలి, లేకపోతే మా ఆయన అక్కగారింట్లో స్థిరపడాలి. మూడో దారి లేదు. ఇంట్లో ఈ మాట చెప్పలేదు, చెబితే ఆయన అక్కడ కూడా నిద్రపోరు.

మొదటి వారం పదకొండు మోగాయి. రెండో వారం ఆరు. మోగినదాన్ని మోగినట్టే మర్నాడు పట్టుకుని కారణం తేల్చేవాళ్లం. ఒకచోట తీగ వదులైంది. ఇంకోచోట రోజూ అదే వేళకి చలిగది ఊడ్చేవాళ్లు తలుపు తీసి పెడుతున్నారు. ఒక గోదాము పేరు రెండుసార్లు ఎక్కించి ఉండటంతో, లేని గది నుంచి కబురు రాలేదని మేం రెండేళ్లుగా లేస్తున్నాం. మూడో వారం మూడు. నాలుగో వారం నాకే నమ్మబుద్ధి కాలేదు. మోగకపోయినా మోగినట్టనిపించి లేచి ఫోన్ చూసుకునేదాన్ని. ఏమీ ఉండేది కాదు. మళ్లీ పడుకున్నా చెవులు మాత్రం కాపలా కాస్తూనే ఉండేవి.

అయిదో వారంలో ఒక పొద్దున్నే ఆఫీసుకు వెళ్లేసరికి డైరెక్టరుగారు మా టీము దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని ఉన్నారు. పక్కన మౌని లేడు. కవలల నాన్న కాఫీ తాగుతున్నాడు.

"రాత్రి ఒకచోట కరెంటు పోయిందట" అన్నారు డైరెక్టరుగారు. "జనరేటర్లో డీజిల్ లేదు."

"ఎప్పుడు? మరి మందులు?"

"మందులకేం కాలేదు. ఇతన్ని అడుగు."

కవలల నాన్న కప్పు కింద పెట్టి చెప్పాడు. ఒంటిగంటంపావుకి మౌని ఫోన్ మోగింది. వాచ్‌మన్‌కి చేస్తే ఎత్తలేదు. గోదాము మేనేజరుని లేపాడు, అతను చేతులెత్తేస్తే పక్క గోదామువాళ్లని లేపాడు. పెట్టెలన్నీ అక్కడి చలిగదికి మార్పించాడు. ఆఖరి పెట్టె లోపల పెట్టేదాకా లైన్లోనే ఉన్నాడు. నాలుగింటికి ఇతను అందుకుని, ఏడు దాకా ప్రతి పావుగంటకీ లెక్క చూశాడు.

"మౌని గంటల తరబడి ఫోన్లో మాట్లాడాడా?" అన్నాను.

"నేను అందుకునేసరికి గొంతు బొంగురుపోయింది పాపం."

నాకు ఊపిరి తిరిగింది. ఆ వెంటనే, ఏం చెప్పను, కోపం కూడా వచ్చింది. ఇంత జరిగితే నాకొక్క కాల్ లేదు. ఏడేళ్లలో నేను లేకుండా ఒక్క రాత్రి గడవలేదు. మౌని పదకొండింటికి వచ్చాడు, పద్ధతి ప్రకారం ఆలస్యంగానే.

"నన్నెందుకు లేపలేదు?" అని అడిగాను. గొంతు కాస్త గట్టిగానే వచ్చి ఉంటుంది.

అతను గోడ మీది కాగితం వైపు చూశాడు. "ఈ వారం మీ పేరు లేదండీ అక్కడ" అన్నాడు.

అంతే. తన సీట్లో కూర్చుని పని మొదలుపెట్టాడు. నేను కాసేపు ఆ కాగితం ముందు నిలబడ్డాను. మొదట్లో మనసు చివుక్కుమంది, నేను అక్కర్లేదన్నమాటే కదా అనిపించింది. తరవాత మెల్లగా ఒళ్లంతా తేలికైంది. నేను అక్కర్లేదు! ఎంత హాయిగా ఉందో ఆ మాట. బాత్రూములోకి వెళ్లి మొహం కడుక్కుని, అద్దంలో నన్ను చూసి నేనే నవ్వుకున్నాను. ఆరు వారాలు నిండాక డైరెక్టరుగారు ఆ కాగితం గురించి మళ్లీ ఎత్తలేదు. ఇంకో టీము లీడుని మాత్రం వెంటబెట్టుకొచ్చి చూపించారు.

ఇదంతా ఇంట్లో చెప్పాను. మా ఆయన శ్రద్ధగా విన్నారు. మౌని మాట దగ్గర పడీపడీ నవ్వారు. ఎనిమిదయ్యేసరికి మళ్లీ గొడుగు అందుకున్నారు. ఆ డిపో కాగితం ఆయన జేబులోనే ఉందని నాకు తెలుసు. ఉండిపొమ్మని అడగాలనే ఉంది, కానీ అడిగాక ఒక్క రాత్రి ఫోన్ మోగి, ఇంకోసారి సిగ్నలు దగ్గర కళ్లు మూతపడితే నన్ను నేను క్షమించుకోలేను.

ఆ తరవాతి వారం రెండు నుంచి నాలుగు వంతు మళ్లీ నాకు వచ్చింది. ఆ వారం మొదటి రోజు భోజనాలయ్యాయి. ఎనిమిదైంది, ఎనిమిదిన్నరైంది. ఆయన పాపకు లెక్కలు చెబుతూ కూర్చున్నారు.

"టైమైందండీ" అన్నాను.

"ఎక్కడికి?"

"వదినావాళ్లింటికి."

"ఈ వారం నీ డ్యూటీ కదూ?"

"అవును. అందుకే చెబుతున్నాను, వెళ్లండి."

"అందుకే ఉంటున్నాను" అన్నారు. "డ్యూటీ లేని వారం వచ్చి పడుకోవడంలో గొప్పేముంది? మొన్న చార్టమ్మ అడిగింది, ఇంట్లో ఎలా ఉందని. ఏమని చెప్పను? వెళ్లి చూసొచ్చి చెబుతానన్నాను."

పాప, "అయితే నా లెక్కలు రేపు చెబుదువుగానిలే నాన్నా, నువ్వు పడుకో" అని పుస్తకం మూసేసింది. ఆయన తొమ్మిదింటికి పడుకున్నారు. నేను పక్కన పడుకుని, ఫోన్ వైపు తిరిగి, ఈ రాత్రికి కన్ను మూతపడదని తీర్మానించుకున్నాను. మోగగానే ఒక్క క్షణంలో నొక్కెయ్యాలి, ఆయన కదలకూడదు. అక్కడిదాకా గుర్తుంది.

పాప కుదుపుతుంటే మెలకువ వచ్చింది. "అమ్మా, స్కూలు టైమైపోతోంది!" కిటికీలోంచి ఎండ పడుతోంది. పక్కన ఖాళీ. గబుక్కున ఫోన్ అందుకుని చూశాను. రాత్రంతా ఒక్కటి కూడా లేదు. చూస్తుండగానే అది మోగింది. ఉలిక్కిపడ్డాను. మా ఆయన. డిపోలో టీ వేళ అది.

"లేచావా?" అన్నారు.

"మీరు ఎప్పుడు వెళ్లారండీ? అలారం పెట్టుకోలేదా?"

"మోగింది. రెండుసార్లు మోగింది. నేను లేచి దాన్ని వెతుక్కునేసరికి ఇంకా మోగుతూనే ఉంది. నువ్వు అటు తిరిగి పడుకున్నావు. నీకు మెలకువ వస్తుందని లైటు వెయ్యలేదు. ఇక్కడికొచ్చి చూసుకుంటే ఒక కాలికి నల్ల సాక్సు, ఒక కాలికి పాప తెల్ల సాక్సు. సగం దాకా వచ్చి ఆగిపోయింది. డిపో అంతా నవ్వుతోంది."

నేనూ నవ్వాను. నవ్వుతూ ఉండగానే కళ్లల్లోంచి నీళ్లు కారిపోయాయి. ఆపుదామంటే ఆగలేదు. పాప భయపడి నా చెయ్యి పట్టుకుంది.

"ఏమైంది? ఏడుస్తున్నావా?" అన్నారాయన.

"లేదండీ" అన్నాను. "బాగా పడుకున్నాను."